స్టీఫెన్ ఫాస్టరు - అతని పాటలు

కొంతకాలము క్రిందట ఒక రాత్రి, పాశ్చాత్య సంగీత కార్యక్రమమున, మేమొక పాట వినిపించితిమి. బాంజో పట్టుకొని ప్రియురాలిని వెదకికొనుచు దూరదేశము సాగిపోవు యువకుని పాట అది. వరుస చురుకైనది, ఒకసారి విన్నవారు రెండవసారి తామే కూనిరాగము తీయుదురు. రికార్డు చీటిపై గాయకుల పేర్లున్నవి గాని రచయిత పేరు లేదు. అమెరికా జానపద గీతమని ప్రకటించి, వినిపించి, మరచిపోతిమి. వారము తిరుగకమునుపే ఒక శ్రోత కార్డు వ్రాసిరి. అది జానపదము కాదనియు, దానిని కట్టినవానికి పేరును, ఊరును, సమాధియు కలవనియు, ఆ పేరు పలుకుటకు నాలుగు సెకండ్లకంటె ఎక్కువ పట్టదనియు ఆ కార్డులోని మందలింపు. మందలింపు న్యాయమైనదే. ఈ ప్రసంగము ఒకవిధముగ ఆ కార్డునకు మా జవాబు.

ఆ పాట పేరు ‘ఓ సుసానా’. కట్టినవాడు స్టీఫెన్ కాలిన్స్ ఫాస్టరు. అతడు జీవించినది 37 సంవత్సరములు. రచించినవి 200కు పైగా గీతములు. వానిలో పెక్కింటికి మాటయు అతనిదే, వరుసయు అతనిదే. అట్టివానిని మనము వాగ్గేయకారుడందుము. మన వాగ్గేయకారులకును ఇతనికిని ఒక భేదము కలదు. మనవారు చరణమున తమ ముద్ర వేసికొనిరి. త్యాగరాజస్వామి కీర్తనను ఎవరు పాడినను, ఏ మూల పాడినను, చివరి చరణమున ఆయన పేరు పలుకక తప్పదు. ఫాస్టరు దేశమున ఆ ఆచారము లేదు. రచయిత పేరు అచ్చుప్రతి ముఖపత్రముపైననే యుండును. ముఖపత్రము మీది పేరు మార్చుట ఎంత పని? అతని జీవితకథలో సగము ఆ ముఖపత్రము కథయే.

1826వ సంవత్సరము జూలై 4వ తేదీన, పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు నగరము చెంత లారెన్స్‌విల్ అను ఊరిలో ఫాస్టరు జన్మించెను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఆ దినముతో సరిగా 50 ఏండ్లు నిండెను. అదే దినమున మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్సు, టామస్ జెఫర్సను ఇరువురును కన్నుమూసిరి. లారెన్స్‌విల్ ఊరిని వేయించినవాడు స్టీఫెను తండ్రియే. కాని ఆయన కలిమి నిలుపుకొనలేకపోయెను. కుమారుని పసితనముననే స్వంత యిల్లు చేజారెను. పిమ్మట ఆ కుటుంబము అద్దె యిండ్లలోను, బంధువుల పంచలను కాలము గడపెను. విడిచి వచ్చిన యింటినిగూర్చి ఫాస్టరు అన్ని పాటలు ఏల వ్రాసెనని అడుగువారు ఈ సంగతి మనసున నుంచుకొనవలెను.

చదువు సాగలేదు. 1841లో జెఫర్సన్ కళాశాలలో చేరి కొద్ది దినములకే యింటికి తిరిగివచ్చెను. పిట్స్‌బర్గులో స్థిరపడిన హెన్రీ క్లేబరు అను జర్మను సంగీతజ్ఞుని చెంత కొంత నేర్చెను. 1844లో, పదునెనిమిదవ యేట, వేరొక కవి గీతమునకు అతడు కట్టిన వరుస మొదటిసారిగ అచ్చుపడెను. పిమ్మట సిన్సినాటి నగరమున అన్నగారి వ్యాపారశాలలో పద్దులు వ్రాయు గుమాస్తాగా కుదిరెను. ఒహాయో నదిమీద ఆవిరిపడవలు వచ్చి పోవు రేవుపట్టణమది. పద్దులు వ్రాసిన చేతితోనే అతడు పాటలను వ్రాసెను.

ఇచట ఆనాటి నాటకశాల సంగతి కొంత చెప్పక తప్పదు. 1840 ప్రాంతమున అమెరికాలో మిన్‌స్ట్రెల్ ప్రదర్శనములు బయలుదేరెను. తెల్లవారు కాల్చిన బెండుతో ముఖమునకు మసి పూసికొని, బానిసలుగ నున్న నల్లవారి మాటను, ఆటను, పాటను అనుకరించి నవ్వించెడివారు. ఆ అనుకరణమున వెక్కిరింత మెండు. ఆ పాటలకు అంగడిలో ‘ఎథియోపియను పాటలు’ అని పేరు. గౌరవకుటుంబములవారు వానిని విని ఆనందింతురు. కాని తమ యింటి పియానోపై ఆ ప్రతి కానవచ్చుటకు కొంచెము సిగ్గుపడుదురు. ఫాస్టరునకును ఆ సిగ్గు ఉండెను.

‘ఓ సుసానా’ 1847లో పిట్స్‌బర్గులోని ఒక ఐస్‌క్రీము శాలలో మొదటిసారి జనుల ముందు పాడబడెను. ఆ సంవత్సరము జనవరిలోనే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందెను. పోలిక తెచ్చుటకు గాదు, కాలము గుర్తుండుటకు చెప్పుచున్నాము. 1848లో పాట అచ్చుపడెను. ఆ మరుసటి యేడు కాలిఫోర్నియాకు బంగారము వెదకబోయిన వేలకొలది జనులు దారి పొడవున ఈ పాటయే పాడుకొనిరి. అచ్చుకూటములవారు ఎవరికి తోచినట్లు వారు ప్రతులు వేసికొనిరి. మూడు సంవత్సరములలో ఇరువదికి తక్కువగాని ముద్రణలు వెడలెను. వానిలో పెక్కింటిపై ఫాస్టరు పేరే లేదు. ఈ పాట వలన అతనికి ముట్టినది 100 డాలర్లు మాత్రమేనని చెప్పుదురు. ఆనాటి చట్టము పాటను అచ్చు వేయు హక్కును మాత్రమే ఎరుగును. అచ్చు వేయక నోట పాడి, రంగస్థలమున పాడి సొమ్ము చేసికొన్నవాడు రచయితకు ఒక్క సెంటు ఇయ్య నక్కరలేదు.

అయినను ఆ యువకుడు ఉద్యోగము విడిచి పాటలే జీవనముగ పెట్టుకొనెను. అమెరికాలో అంతకుముందు అట్టి సాహసము చేసినవారు లేరనియే చెప్పవలెను. 1849 డిసెంబరులో న్యూయార్కులోని ఫర్త్ పాండ్ కంపెనీవారు ప్రతి యొక్కంటికి రెండు సెంట్లు ఇత్తుమని ఒప్పుకొనిరి. మరుసటి యేడు జూలైలో జేన్ మెక్డోవెల్ అను యువతిని వివాహమాడెను. 1851లో మేరియను అను కూతురు పుట్టెను. ఆ యేడే అతని పాటలలోకెల్ల ప్రసిద్ధమైనది వెలువడెను.

దాని పేరు ‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’, అనగా ఇంటికడ నున్న పెద్దవారు. దూరమున నున్న యొకడు పుట్టిన యింటిని, నదీతీరమును తలచుకొని కుములు పాట. నది పేరు కొరకు ఫాస్టరు తన అన్న మోరిసనును అడిగెనట. మొదట ‘పీడీ’ అను నది పేరు వ్రాసికొని, నచ్చక, పటముల పుస్తకము తిరుగవేసి, ఫ్లారిడాలోని ‘సువానీ’ నది పేరు పట్టుకొనిరి. మూడక్షరముల పేరు వరుసలో ఇముడదు. ఒక అక్షరము కొట్టివేసి ‘స్వానీ’ అనిరి. గణము కొరకు ఊరిపేరు కుదించుట మన పద్యకవులకును తెలిసిన విద్యయే. ఫాస్టరు ఆ నదిని చూచియుండలేదు. ఫ్లారిడాలో అడుగు పెట్టియుండలేదు. అట్లయ్యు 1935లో ఆ రాష్ట్రమువారు ఈ పాటను తమ రాష్ట్రగీతముగ స్వీకరించిరి.

ఇక ముఖపత్రము సంగతి. న్యూయార్కులో ఇ. పి. క్రిస్టీ అను ఆయన మిన్‌స్ట్రెల్ బృందము నడుపుచుండెను. మంచి పేరున్న బృందము. ఫాస్టరు తన క్రొత్త పాటలను అచ్చుకు పూర్వమే ఆయనకు పంపి, కొంత పైకము తీసికొని, మొదట పాడు హక్కు ఇచ్చుచుండెను. ఈ పాట విషయమున ఇంకొక అడుగు వేసి, 15 డాలర్లకు రచయితగా తన పేరు బదులు క్రిస్టీ పేరు వేసికొన నిచ్చెను. మసి ముఖముల పాటలు వ్రాయువాడను అపకీర్తి వచ్చినచో, తన యితర గీతములకు, మర్యాదస్తులు పాడుకొను ప్రణయగీతములకు, చేటు కలుగునని అతని భయము. పాట వెలువడెను. ప్రతులు వేలు దాటి లక్ష దాటెను. ఇంటింట, వీథివీథిని అదియే పాట. పేరు మాత్రము క్రిస్టీది.

1852 మే 25న ఫాస్టరు క్రిస్టీకి జాబు వ్రాసెను. ఆ జాబు నేటికిని నిలిచియున్నది. అందలి భావమిది: ఇట్టి పాటలనుగూర్చి లోకమున నున్న చులకన వలన నా పేరు దాచితిని, కాని మోటుమాటలు తీసివేసి, సంస్కారవంతులకు తగిన పదములు కూర్చి, ఈ తరగతి పాటలకు నేను మన్నన తెచ్చితిని, ఇక భయమును సిగ్గును విడిచి, ఇందే అందరిలో మిన్న యనిపించుకొన నిశ్చయించితిని, కావున నా పాటపై నా పేరు వేసికొన సమ్మతింపుము, నీ పైకము తిరిగి యిచ్చెదను. ఎంతో వినయముగ వ్రాసిన జాబు. తన వస్తువును తానే యాచించువాని వినయము. క్రిస్టీ ఒప్పుకొనలేదు. జాబు వెనుక ఒక తిట్టు గీకి పెట్టెను. రెండు సెంట్ల వంతున రావలసిన పైకము ఫాస్టరునకే చేరుచుండెను గాని పేరు రాలేదు. 1879లో హక్కును తిరిగి నమోదు చేయించినప్పుడు గాని ఆ పాటపై ఫాస్టరు పేరు కానరాలేదు. అప్పటికి అతడు గతించి 15 ఏండ్లు.

క్రిస్టీని తిట్టుకొనుట సులభము. కాని ఈ కథలో మరియొక పక్షము కలదు. ఫాస్టరు పేరు పోయెనని జాలిపడు మనము, అతడు ఎవరి గొంతు ఎరువు తెచ్చుకొనెనో ఆ నల్లవారిలో ఒక్కరి పేరైన నెరుగము. వారి పాటలనుండి అతడెంత గ్రహించెనో పండితులు ఇంకను వాదించుచునే యున్నారు. నల్లజాతి మేధావి డబ్ల్యు. ఇ. బి. డుబాయి 1903లో తన ‘సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ గ్రంథమున ఈ స్వానీ నది పాటను తన జాతివారి గానచ్ఛాయ సోకిన పాటలలో లెక్కించెను. ‘ఓ సుసానా’ తొలి అచ్చులోని ఒక చరణమున నల్లవారి చావును నవ్వులాటగ చెప్పిన మాటలున్నవి. నేడు దానిని ఎవరును పాడరు. మేము వినిపించిన రికార్డునందును అది లేదు. లేదు కదా యని దాచుట మర్యాద కాదు.

అయినను ఫాస్టరు ఆ చోటనే నిలిచిపోలేదు. 1849లో ‘నెల్లీ వాజ్ ఎ లేడీ’ యని వ్రాసెను. చనిపోయిన భార్యకై ఒక నల్లవాడు దుఃఖించు పాట. నల్లని స్త్రీని గౌరవనీయురాలని పిలుచుట ఆ రంగస్థలమునకు క్రొత్త. 1853లో ‘మై ఓల్డ్ కెంటకీ హోమ్’ వెలువడెను. దాని తొలి చిత్తుప్రతి ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవలలోని టాము కథను తలచి వ్రాసినది. అచ్చుకు వచ్చునప్పటికి టాము పేరు జారినది గాని, కుటుంబమునుండి విడదీయబడి దక్షిణదేశపు చెరకుతోటలకు పంపబడు బానిస దుఃఖము నిలిచినది. యాసతో వెక్కిరించు పద్ధతి ఇందు లేదు. బానిసతనమునుండి తప్పించుకొని వచ్చి స్వాతంత్ర్యమునకై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లసు 1855లో ఒక ప్రసంగమున ఇట్టి పాటలను పేర్కొని, ఇవి వినువారి హృదయమున బానిసలయెడ జాలి పుట్టించుననియు, ఆ జాలియందే బానిసతనముపై ఏవగింపు వేరూనుననియు చెప్పెను. ఆయన మాటకు మించిన సాక్ష్యము మేము తేలేము. కాని అదే పాటను మసి ముఖముల వేడుకలో పాడుకొని, బానిసల కాలము ఎంత చక్కని కాలమని నిట్టూర్చినవారును లక్షలుండిరి. ఒకే పాట, రెండు తీరుల వినికిడి. ఇందు రచయిత దోషమెంత, వినువారి దోషమెంత యని తూకము వేయుట మా తరము కాదు.

తరువాతి తరములవారు ఆ తూకము తమకు చేతనైనట్లు వేసిరి. 1894 జనవరిలో న్యూయార్కున జరిగిన ఒక కచేరీకై ప్రసిద్ధ చెక్ సంగీతకారుడు డ్వోర్జాకు ఈ స్వానీ పాటను వాద్యబృందమునకు సమకూర్చి, నల్లజాతి గాయకుడు హారీ బర్లీచే పాడించెను. 1986లో కెంటకీ శాసనసభ తమ రాష్ట్రగీతములో నల్లవారిని నొప్పించు మాటను మార్పించెను. 2008లో ఫ్లారిడావారు తమ గీతపు మాటలను సవరించిరి. పిట్స్‌బర్గులో 1900లో నిలిపిన ఫాస్టరు విగ్రహమొకటి యుండెను. కూర్చుండి వ్రాసికొను కవి, అతని పాదముల చెంత బాంజో వాయించు నల్లని వృద్ధుడు. నగరపాలకులు 2018 ఏప్రిలులో దానిని తొలగించిరి. కవి పేరు దిమ్మెపై నుండెను. వాయించువానిని అచట ఒక పాటలోని పాత్రగా నిలిపిరి గాని మనుష్యునిగా గాదు. తొలగింపు న్యాయమా కాదా యని ఆ నగరమున చాల వాదము జరిగెను. మాకు న్యాయముగనే తోచుచున్నది.

ఇక డబ్బు సంగతి. ఫాస్టరు గుమాస్తాగిరి చేసినవాడగుట వలన లెక్క చక్కగ వ్రాసికొనెను. 1857 నాటికి ‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’ వలన వచ్చినది 1,647 డాలర్ల 46 సెంట్లు. ‘జీనీ విత్ ది లైట్ బ్రౌన్ హెయిర్’ అను ప్రణయగీతము 1854లో, భార్యాభర్తలకు ఎడబాటు కలిగిన దినములలో వెలసినది; జేను పేరునకు ముద్దుపేరు జీనీ. దాని వలన వచ్చినది 217 డాలర్ల 80 సెంట్లు. మనస్సు పెట్టి వ్రాసిన పాటకు తక్కువయు, సిగ్గుపడి పేరు దాచిన పాటకు ఎక్కువయు వచ్చినవి. ఆదాయమునకు మించి ఖర్చు. 1857లో తన పాటలన్నిటిపై ముందునకు రాబోవు హక్కును 1,872 డాలర్ల 28 సెంట్లకు ప్రకాశకులకు అమ్మివేసెను. అచటినుండి దిగుడే. 1860లో న్యూయార్కు చేరెను. మద్యము వశమయ్యెను. భార్య కూతురును తీసికొని వెడలి, తంతి కార్యాలయమున ఉద్యోగము చేసి బ్రతుకు గడపెను. 1863లో జార్జి కూపరు అను యువకవి మాటలు వ్రాయగా, ఇతడు వరుసలు కట్టి, ఎంత వచ్చిన అంతకు అమ్మెను. ఆ పాటలలో నిలిచినవి అరుదు.

1864 జనవరిలో, చలికాలమున, బవరీ వీథి చెంత తానున్న బసలో జ్వరముతో బలహీనుడై పడిపోయెను. గాయము లోతుగ తగిలెను. కూపరు అతనిని బెల్‌వ్యూ ఆసుపత్రికి చేర్చెను. 13వ తేదీన అచట మరణించెను. పర్సులో 38 సెంట్లును, ఒక కాగితపు ముక్కయు దొరికెను. ఆ కాగితముపై పెన్సిలుతో ప్రియమిత్రులను, మృదుహృదయులను సంబోధించు ఐదు మాటలున్నవి. పాటకు మొదలో, జాబునకు మొదలో, ఎవరును తేల్చలేకపోయిరి. ‘బ్యూటిఫుల్ డ్రీమర్’ అను గీతము అతని మరణానంతరము వెలువడెను. అది అతని తుదిగీతమని ప్రకాశకులు చాటించుకొనిరి.

రేడియోలో పని చేయు మాకు ఈ కథలో మిక్కిలి ముల్లువలె గ్రుచ్చుకొను ఘట్టము ఇంకను మిగిలియున్నది. అమెరికా పాటల రచయితలు, ప్రకాశకులు కలసి 1914లో ఆస్కాప్ అను సంఘము స్థాపించుకొనిరి. తమ పాట ఎచట వినిపించినను రచయితకు కొంత సొమ్ము చెల్లవలెనని వారి కోరిక. ఫాస్టరు కాలమున అట్టి సంఘమే యున్నచో 38 సెంట్ల పర్సు కథ ఉండెడిది కాదు. 1940లో ఈ సంఘము రేడియో కంపెనీలనుండి ఎక్కువ సొమ్ము కోరెను. కంపెనీలు ఒప్పుకొనలేదు. 1941 జనవరి 1నుండి ఆ సంఘములోని రచయితల పాటలు పెద్ద రేడియో కంపెనీల ప్రసారములలో నిలిచిపోయెను. గెర్ష్విను లేడు, బెర్లిను లేడు, కోల్ పోర్టరు లేడు. మరి దినమంతయు ఏమి వినిపింపవలెను? హక్కుదారు లేని పాటలు వెదకిరి. ఫాస్టరు పాటలు దొరికినవి. మరణించి 77 ఏండ్లు, హక్కులు ఎప్పుడో తీరిపోయినవి, చెల్లింపవలసినది సున్న. ‘జీనీ’ పాటను ఉదయము, మధ్యాహ్నము, రాత్రి ఎంతగా వినిపించిరనగా, పాపము ఆ జీనీ కురులు నెరసిపోయినవని పత్రికలవారు పరిహసించిరి. పెద్ద కంపెనీలకును సంఘమునకును రాజీ కుదురుటకు ఆ యేడు అక్టోబరు వచ్చెను.

పాటకు కూలి దక్కక చనిపోయినవాని పాటలే, పాటకు కూలి అడిగినవారికి ఎదురుగ నిలుపబడిన తీరు గమనింపుడు. నిలిపినవారు మా వృత్తివారే. వారి స్థానమున మేమున్నచో ఏమి చేసియుందుమో ప్రమాణము చేసి చెప్పలేము. నిశ్శబ్దముకంటె ‘జీనీ’ మేలు కదా యని మేమును ఆ రికార్డే తీసియుందుము. తీసి, బహుశః, జానపద గీతమని ప్రకటించియుందుము.

కార్డు వచ్చిన మరునాడు మా రికార్డుల బీరువాలో అమెరికా జానపదములని చీటి అంటించిన అర యంతయు వెదకితిమి. ఫాస్టరు పాటలు మరి మూడు దొరికినవి. పట్టికలో నాలుగింటికిని పేరు వ్రాయించితిమి. ఆ మూడింటిలో నొకటి ఇప్పుడు వినబోవుచున్నారు. కలిగినవారిని ఒక్క నిమిషమాగి లేనివారి గోడు వినుడని వేడుకొను పాట ఇది. 1992లో బాబ్ డిలను సయితము దీనిని రికార్డు చేసెను.

‘హార్డ్ టైమ్స్ కమ్ అగైన్ నో మోర్’, 1854. రచన, స్వరకల్పన: స్టీఫెన్ కాలిన్స్ ఫాస్టరు.